పేర్రాజుగారి గుక్క

టీవీలో బొమ్మ ఆగి ఆగి వస్తోందని నలుగురిలో అనకూడదు. అంటే జలుబు చేసిందని చెప్పుకున్నట్టే, తలా ఒక వైద్యం చెబుతారు. వైరు మార్చమనేవారు ఒకరు, పెట్టె ఆపేసి కాసేపాగి మళ్ళీ వెయ్యమనేవారు ఒకరు, అది వేడెక్కుతోంది ఫ్యాను కింద పెట్టి చూడమనేవారు ఇంకొకరు. ఎవరి వైద్యం వాళ్ళింట్లో అద్భుతంగా పనిచేసే ఉంటుంది. మనింట్లో మాత్రం రోగం రోగంలాగే ఉంటుంది.

కాకినాడలో హైమావతి ఇంట్లో ఈ వైద్యాలన్నీ అయిపోయాయి. పైగా ఆవిడకి ఇది పరువు విషయం. ఊళ్ళో ఒక ఇంజనీరింగు కాలేజీలో దృశ్య సంకేతాల ప్రయోగశాలకి ఆవిడే పెద్ద. కదిలే బొమ్మ కంటికి ఎలా ఆనుతుందో పిల్లలకి చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్న మనిషి. అలాంటి మనిషి ఇంట్లోనే టీవీకి నత్తి పట్టుకుంటే బయట ఎవరితో చెప్పుకుంటుంది?

ఆవిడ భర్త ఉమాపతి పనిచేసేది బ్యాంకులోనే గానీ, ఇంట్లో ఏ వస్తువు పాడైనా స్క్రూడ్రైవరు పుచ్చుకుని ముందు తనే దిగుతాడు. వైరు మార్చాడు. ప్లేయరు పెట్టెకి పట్టిన దుమ్ము దులిపాడు. టీవీలో బొమ్మని నున్నగా చేసే సదుపాయం ఒకటుంటే దాన్ని తీసేశాడు, మళ్ళీ పెట్టాడు. చివరికి హైమావతి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అసలు సంగతి చెప్పింది.

"సినిమాలో సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలుంటాయండీ. మన టీవీ అరవై చూపిస్తుంది. సమంగా పంచడం కుదరక ఒక బొమ్మని రెండుసార్లు, దాని తరవాతి బొమ్మని మూడుసార్లు చూపిస్తుంది. ఆ కుంటినడక అక్కణ్ణించే. ప్లేయరు సెట్టింగుల్లోకెళ్ళి, సినిమా వేగమే టీవీకీ ఉండేలా మార్చండి."

ఉమాపతి మార్చాడు. సినిమాలన్నీ గుమ్మపాలు కారినట్టు సాఫీగా వచ్చాయి. క్రికెట్టూ బాగానే వచ్చింది. ఒక్క వీడియో మాత్రం అలాగే ఎగిరి గెంతుతూ వచ్చింది. ఆ ఇంట్లో అందరికీ కావలసింది ఆ ఒక్కటే.

అది హైమావతి నాన్నగారు పేర్రాజుగారి నాటకం వీడియో. పేర్రాజుగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ పగలు పంచాయతీ ఆఫీసులో గుమాస్తా, సాయంత్రమైతే పద్యనాటకాల్లో మహారాజు. ఆఫీసరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషే కిరీటం పెట్టుకుంటే ఊరంతా లేచి నిలబడేది. ఆయన పక్కన హార్మణీ వాయించింది కోటిలింగం. ఇప్పుడు ఇద్దరికీ డెబ్భై దాటాయి. కోటిలింగం పక్క వీధిలోనే ఉంటాడు. రోజూ మధ్యాహ్నం కాఫీ వేళకి వచ్చి, పేర్రాజుగారితో పోట్లాడి, దీపాలు పెట్టే వేళకి ఇంటికి పోతాడు.

వాళ్ళ పోట్లాట ఎప్పుడూ ఒక్కటే. పూర్వం మండపేటలో వేసిన నాటకంలో పేర్రాజుగారు పద్యం చివర రాగం ఎత్తుకుని, గుక్క తిప్పుకోకుండా లాగి లాగి వదిలారట. జనం లేచి "వన్స్‌మోర్!" అని అరిచారు. పద్యనాటకంలో వన్స్‌మోర్ అంటే ఆజ్ఞ. చచ్చిపడిపోయిన పాత్ర కూడా లేచి మళ్ళీ పాడి మళ్ళీ చావాలి. కానీ పాడాలంటే ముందు హార్మణీ శ్రుతి అందించాలి కదా. ఆ రోజు కోటిలింగం అందించలేదు. చక్కగా తరవాతి పద్యం శ్రుతి పట్టేశాడు. పేర్రాజుగారు తెరిచిన నోరు తెరిచినట్టే నిలబడిపోయారు.

"ఎందుకు చేశావురా?" అంటే కోటిలింగం జవాబు ఒకటే. "గుక్క మధ్యలో తెగింది. నా చెవులారా విన్నాను. తెగిన రాగానికి వన్స్‌మోర్ ఇస్తే హార్మణీకి తలవంపులు."

దాని మీద రెండేళ్ళు మాటల్లేవు. తరవాత వేరే ఎవరూ వాళ్ళ నాటకాల కబుర్లు వినకపోవడంతో మళ్ళీ కలిశారు గానీ, గొడవ తెగలేదు.

ఇన్నేళ్ళకి ఆ నాటకాన్ని ఎవరో వీడియో తీశారని తెలిసింది. ఒక రైసుమిల్లు వాళ్ళింట్లో క్యాసెట్టు బూజు పట్టి దొరికితే, దాన్ని ఎవరిచేతో పెన్‌డ్రైవులోకి ఎక్కించి, క్యాసెట్టుని చెత్తలో పారేశారు. ఎక్కించినవాడు ఏ ధ్యాసలో ఎక్కించాడో, సరిగ్గా ఆ రాగం దగ్గరకి వచ్చేసరికి బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడతాయి. పేర్రాజుగారి నోరు తెరుచుకుంటుంది, చెయ్యి గాల్లో గెంతుతుంది, రాగం పోపులో ఆవాల్లా చిటపటలాడి అయిపోతుంది.

మొదటిసారి చూసినప్పుడు కోటిలింగం సోఫాలోంచి లేచి మరీ చూపించాడు. "అదిగో, తెగింది! నేను చెప్పలా?"

"తెగింది టీవీరా, నేను కాదు!" అన్నారు పేర్రాజుగారు.

ఆ రాత్రి ఆయన అన్నం సరిగా తినలేదు. కూతురిని దగ్గర కూచోబెట్టుకుని, "ఇంతమందికి పాఠాలు చెప్తావు కదా అమ్మడూ. ఈ గెంతులు తీసెయ్యలేవా? నేను పోయేలోగా ఆ కోటిగాడి నోటితో తెగలేదనిపించాలి. నాకింకేం అక్కర్లేదు," అన్నారు. సినిమా సీడీ కూడా ఏనాడూ అడగని మనిషి.

మొదట ఆవిడ తెలివైనవాళ్ళందరూ చేసే పనే చేసింది. ముందు బొమ్మనీ వెనక బొమ్మనీ చూసి, మధ్యలో ఏం జరిగి ఉంటుందో ఊహించి, ఆ ఖాళీల్ని పూరించే పెట్టె ఒకటి తయారుచేసింది. ఇంటికి తెచ్చి టీవీకి తగిలించింది. పేర్రాజుగారి రాగం ఏకధాటిగా సాగిపోయింది. ఆయన కండువా సవరించుకుని కోటిలింగం వంక చూశారు.

కోటిలింగం తొణకలేదు. "హైమమ్మా, నేనూ ఓ రాగం తీస్తాను, నీ సెల్లులో పట్టు. మధ్యలో కావాలని గుక్క తిప్పుకుంటాను. దాన్ని కూడా ఇలాగే ముక్కముక్కలు చేసి నీ పెట్టెలో వేసి చూపించు," అన్నాడు.

అన్నట్టే పాడాడు. మధ్యలో గేదె బుస కొట్టినట్టు అందరికీ వినపడేలా ఊపిరి పీల్చుకున్నాడు. హైమావతి దాన్ని చెడగొట్టి పెట్టెలో వేసింది. టీవీలో కోటిలింగం కొంచెం కూడా ఊపిరి పీల్చకుండా మహానుభావుడిలా పాడుకుంటూ పోయాడు.

"చూశావా? నా ఏడు జన్మల్లో నాకంత గుక్క లేదు," అన్నాడు కోటిలింగం. "ఇది మీ నాన్న పాట కాదమ్మా, నీ పెట్టె పాట. దీనికి వన్స్‌మోర్ కొట్టాలంటే నీకే కొడతాను."

పేర్రాజుగారు కూతురి వంక చూశారు, ఏదో ఒకటి చెప్పవే అన్నట్టు. కోటిలింగం చెప్పింది అక్షరాలా నిజం. ఊహని తెచ్చి సాక్ష్యంలో పెట్టడం ఏ శాస్త్రమూ ఒప్పుకోదు. నాన్న మీద ప్రేమ ఎంతున్నా ఆవిడా ఒప్పుకోదు. పెట్టె విప్పి సంచిలో వేసుకుంది.

బొమ్మలో లేనిది కలపకూడదు. ఉన్న గెంతు పోవాలి. అది ఎలాగో తేల్చుకోవడానికి ఆవిడకి చాలా నెలలు పట్టింది. ప్రయోగశాలలో ఒక స్ఫటికం ఉంది. ఒకే బొమ్మ చూస్తున్న ఇద్దరి చూపులు ఒకదానితో ఒకటి ఎలా జత కడతాయో కొలవడానికి, పైవాళ్ళని బతిమాలి తెప్పించుకున్నది. దాని చుట్టూ రాగి తీగ చుట్టి, గెంతే వీడియో ఒకటి పెట్టి, మీట నొక్కి చూసింది.

వీడియో సాఫీగా వచ్చింది. తన సెల్లు కెమెరాలోంచి చూస్తే మాత్రం ఇంకా గెంతుతూనే ఉంది. అంటే గెంతు టీవీలోంచి పోలేదు, తన కంట్లోంచీ చెవిలోంచీ పోయింది. మరి ఎక్కడికి పోయిందో హైమావతికి అర్థం కాలేదు. సరిగ్గా అప్పుడే డిపార్ట్‌మెంటు పెద్ద జోగారావుగారు గుమ్మంలో నిలబడి, వార్షిక నివేదిక ఇంకా ఇవ్వనందుకు ఆవిడ వంక గుడ్లు మిటకరించి చూస్తున్నారు. చూస్తున్నవారు ఒక్కసారిగా తలుపు పట్టుకున్నారు.

"హైమావతిగారూ, మీరిప్పుడు నాకు మూడుసార్లు నమస్కారం పెట్టారా?"

"ఒక్కసారే పెట్టాను సార్." జోగారావుగారు లోపలికొచ్చి కుర్చీలో కూచుని, కళ్ళు నులుముకున్నారు.

"మరి నేను లోపలికి ఎప్పుడొచ్చాను? కుర్చీలో ఎప్పుడు కూచున్నాను?"

"ఇప్పుడే కదండీ, నడిచొచ్చి కూచున్నారు."

జోగారావుగారు నివేదిక సంగతి మరిచిపోయి, బీపీ చూపించుకోవడానికి పోయారు. హైమావతి మీట కట్టేసి, కుర్చీలో చతికిలబడింది. సంతోషమూ భయమూ ఒకేసారి వేశాయి. గెంతు నాశనం కాదు. చూసేవాళ్ళందరి దగ్గరా తీసిందంతా పోగై, ఒక్కరి నెత్తిన పడుతుంది. ఆ ఒక్కరికి ఒక క్షణం రెండు మూడుసార్లు వస్తుంది, ఆ తరవాతి క్షణాలు బొత్తిగా రావు. నీరు పల్లమెరుగు అన్నట్టు, ఈ గెంతు నిలకడ ఎరుగు. చుట్టుపక్కల ఎవరి చూపు అన్నిటికంటే నిలకడగా ఉంటే వాళ్ళ దగ్గరికే పోతుంది.

ఇది తెలిశాక ఇంటికి పట్టుకెళ్ళవచ్చా అని ఆవిడ తర్జనభర్జన పడింది. కాసిని క్షణాలే కదా, ఎవరికేం నష్టం అనుకుంది. అలా అనుకోవడం తప్పేనని ఆవిడకి తెలుసు. నాన్న మొహం గుర్తొచ్చి తెలియనట్టు ఊరుకుంది.

మర్నాడు మధ్యాహ్నం స్ఫటికాన్ని తెచ్చి టీవీ పక్కన బిగించి, ముందుగా కోటిలింగం పరీక్ష వీడియోనే వేశారు. టీవీలో కోటిలింగం రాగం తీశాడు, గేదెలా బుస కొట్టాడు, మళ్ళీ పాడాడు. అన్నీ ఉన్నవున్నట్టు వచ్చాయి. బుస కూడా పోలేదు.

"ఇది నిజం చెప్తోందిరోయ్," అన్నాడు కోటిలింగం మనస్ఫూర్తిగా. "దీని మాట నేనొప్పుకుంటాను. ఇప్పుడు నీది వెయ్యమను."

ఆ మాట పూర్తవకుండానే గుమ్మంలో వరహాలమ్మగారు ప్రత్యక్షమయ్యారు. కింద వాటాలో ఉండే ఆవిడ. చేతిలో అట్లకాడ ఉంది.

"హైమమ్మగారూ, మీ ఇంట్లో ఏం మిషను ఆడిస్తన్నారండీ? పొయ్యి మీద పెసరట్టుని కళ్ళార్పకుండా చూస్తన్నానండి. తిప్పేను. తిప్పిందే మళ్ళీ తిప్పేను. మళ్ళీ తిప్పేను. ఆయ్, చూసేసరికి బొగ్గండి! మజ్జిలో వేగడమే లేదండి!"

హైమావతి చేతులు పట్టుకుని క్షమించమంది. ఇంట్లో ఇద్దరు ముసలాళ్ళూ ఒకళ్ళ మీద ఒకళ్ళు కళ్ళెర్రజేసుకుంటూ చూపు నిలపలేదు, ఉమాపతి సెల్లులో చూసుకుంటున్నాడు. ఆ చుట్టుపక్కల నిలకడగా చూస్తున్నది పెసరట్టు మీద ధ్యాస పెట్టిన ఆవిడ ఒక్కరే. వరహాలమ్మగారికి సంగతంతా చెబితే కోపం పోయి, "అయితే నేనూ చూస్తానండి," అని పొయ్యి కట్టేసి వచ్చి సోఫాలో కూచున్నారు.

అసలు వీడియో వేశారు. కోటిలింగం ముందుకి వంగి, చేపని కనిపెట్టిన కొంగలా టీవీ మీద చూపు నిలిపాడు. హైమావతి స్ఫటికం వేడెక్కుతోందేమోనని దానికి తగిలించిన మీటరు ముల్లు మీదే కన్నేసింది. ఉమాపతి దీన్ని రికార్డు చేస్తే రుజువుగా ఉంటుందని సెల్లు పట్టుకుని, సెల్లులోనే చూశాడు. వరహాలమ్మగారు సోఫా గుడ్డలు ఎక్కడ కొన్నారో అని కుట్టు పరీక్షించారు. రాగం వచ్చింది, వెళ్ళింది.

కోటిలింగం కళ్ళు నులుముకున్నాడు. "ఏదీ? వాడు నోరు తెరిచాడు. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ తెరిచాడు. చూస్తే జనం వన్స్‌మోర్ అని అరుస్తన్నారు. రాగం ఏదర్రా?"

రాగం కోటిలింగానికి తప్ప అందరికీ వచ్చింది. కానీ అందరిలో ఎవరూ దాని మీద ధ్యాస పెట్టి చూడనూ లేదు, విననూ లేదు. ఉమాపతి సెల్లులో పాత గెంతులే ఉన్నాయి. "నాన్నేరీ?" అంది హైమావతి.

పేర్రాజుగారు వీడియో మొదలవగానే లేచి, వంటింటి వెనక వరండాలోకి వెళ్ళి, తలుపేసుకుని, తులసి మొక్కకి నీళ్ళు పోస్తున్నారు. కుండీ నిండి నీళ్ళు కాళ్ళ మీంచి పారుతున్నాయి.

"ఏమైంది నాన్నా? ఇన్నాళ్ళూ దీనికోసమే కదా?"

పేర్రాజుగారు చెంబు కింద పెట్టలేదు. "నాకూ తెలీదే అమ్మడూ. ఆ రాగంలో ఉన్నప్పుడు నాకు ఒళ్ళు తెలీలేదు. తెగిందేమో. వాడు హార్మణీ ముందు కూచున్నవాడు, వాడి చెవి గట్టి చెవి. ఊరికే అంటాడా?"

ఇన్నేళ్ళ పోట్లాటలో ఆయన ఈ మాట ఎవరికీ చెప్పలేదు. హైమావతికి ఆయన్ని గట్టిగా పట్టుకోవాలనిపించింది. నాన్నకి అలాంటివి అలవాటు లేదు కాబట్టి చెంబు మాత్రం అందుకుంది.

హాల్లోకి వచ్చి చూస్తే స్ఫటికం మీద వెంట్రుకలాంటి బీట కనిపించింది. ఇంకొక్కసారి ఆడిస్తే ఆడుతుంది, అంతే. పైగా జోగారావుగారు బీపీ సరిగానే ఉందని తేలాక ఆలోచించి, స్ఫటికం ఎక్కడుందని ఫోను చేశారు. రేపు తెచ్చిచ్చేస్తానని ఆవిడ చెప్పేసింది.

"కోటి బాబాయ్ చూడాలంటే, కోటి బాబాయ్ కంటే నిలకడగా చూసే మనిషి ఇంకొకరు గదిలో ఉండాలి," అంది హైమావతి. "గెంతంతా వాళ్ళ మీద పడుతుంది. వాళ్ళకి మాత్రం రాగం దక్కదు."

"నేనున్నాను," అన్నాడు ఉమాపతి వీరుడిలా. అంటుండగానే జేబులో సెల్లు మోగితే తీసి చూసుకున్నాడు. ఆయన పేరు అక్కడితో కొట్టేశారు.

"నేను ఉంటాను," అంది హైమావతి.

"నీ చూపు మీటరు మీదకి పోతుందే. అది నీ వృత్తి," అన్నారు పేర్రాజుగారు. "మహారాజు వేషంలో సింహాసనం మీద కూచుని, మంత్రి పాడే పద్యాలన్నీ రెప్ప వెయ్యకుండా విన్నవాణ్ణి నేను. ఈ ఇంట్లో నిలకడంటే నాదే. గెంతు నా మీద పడనీ."

"మరి నువ్వు చూడవా నాన్నా? ఇది మళ్ళీ రాదు."

"నేను చూస్తే వాడు చూడడు. వాడు చూడాలి."

"చూసి కూడా తెగిందంటే?"

పేర్రాజుగారు కోటిలింగం వంక చూశారు. కోటిలింగం కాఫీ చల్లారబెట్టుకుంటూ విననట్టు నటిస్తున్నాడు. "అంటే అన్నాడు. వాడు శ్రుతి తప్పితే తప్పాడేమో గానీ, నాతో అబద్ధం ఎప్పుడూ చెప్పలేదు," అన్నారు.

కుర్చీ తిప్పుకుని, టీవీకి వీపు పెట్టి, కోటిలింగానికి ఎదురుగా కూచున్నారు. వెన్ను నిటారుగా పెట్టారు. గడ్డం పైకెత్తారు. లేని కిరీటం బరువుకి మెడ దానంతటదే సర్దుకుంది. ఆ చూపు వెళ్ళి కోటిలింగం మొహం మీద కూచుంది. కోటిలింగం ఇబ్బందిగా కదిలాడు. "అలా చూడకురా, పన్ను కట్టనివాణ్ణి చూసినట్టు," అన్నాడు. పేర్రాజుగారు రెప్ప కూడా వెయ్యలేదు.

హైమావతి మీట నొక్కింది. ఈసారి ముల్లు వంక చూడలేదు. ఏమైతే అదే అవుతుందని టీవీ వంకే చూసింది.

పద్యం అయింది. నల్లటి మీసాల కింద నాన్న నోరు తెరిచాడు. రాగం లేచింది. పైకి వెళ్ళింది, అక్కడ నిలబడింది, తిరిగింది, ఇక దిగుతుందనుకునే చోట ఇంకా పైకి వెళ్ళింది. హైమావతి ఆ కంఠం చూసింది, ఛాతీ చూసింది. ఎక్కడా తెగలేదు. గుక్క తిప్పుకున్న జాడ లేదు. తన చిన్నప్పుడు నాన్న ఇలాంటివి ఎన్ని పాడినా, పరీక్షలున్నాయని తను ఒక్కదానికీ వెళ్ళలేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి కళ్ళు మసకబారాయి.

అప్పుడు తెర అంచున ఇంకో మనిషి కనిపించాడు. హార్మణీ వెనక పడుచు కోటిలింగం. వేళ్ళు మెట్ల మీద ఉన్నాయి, కళ్ళు పేర్రాజు మీద ఉన్నాయి. ఛాతీ ఉబ్బి ఉంది. రాగం ఎత్తుకున్నప్పుడే అతనూ ఊపిరి బిగబట్టాడు. పాడేవాడితో సమానంగా, పాడేవాడు వదిలేదాకా వదలనన్నట్టు పట్టుకున్నాడు. పట్టుకుని పట్టుకుని, మొహం జేవురించి, ఇక ఆగలేక ఒక్కసారిగా "హుఫ్" అని పీల్చుకున్నాడు. మైకు అతని పక్కనే ఉంది. ఆ చప్పుడు నాటకం పందిరంతా వినపడి ఉంటుంది. అతని చెవికి ఇంకా దగ్గరగా వినపడి ఉంటుంది. పేర్రాజు రాగం మాత్రం దాని మీంచి అలాగే సాగిపోయి, తీరిగ్గా దిగింది.

హైమావతి పక్కకి తిరిగి చూసింది. కోటిలింగం చేతిలో గ్లాసు ఒరిగి కాఫీ పంచె మీద పడుతోంది. ఆయనకి తెలియడం లేదు.

తెర మీద జనం అరుస్తుండగా కోటిలింగం నోరు విప్పాడు. "తెగిందిరా," అన్నాడు. ఆ వెంటనే, మింగుడుపడని ముద్ద మింగినట్టు మింగి, "తెగింది నాది. నీది కాదు," అన్నాడు.

గదిలో అందరూ విన్నారు. పేర్రాజుగారు మాత్రం విలవిల్లాడుతూ లేచారు. గెంతంతా ఆయన మీద ఉంది కదా. ఆయనకి అందింది మొదటి మాటే.

"ఒకసారి చెప్తే చాలదురా? తెగింది, తెగింది, తెగింది అని మూడుసార్లు అనాలా?" అన్నారు. "సరే. తెగిందనే అనుకుందాం. ఇంక ఈ వీడియో తీసిపారెయ్యి అమ్మడూ."

హైమావతి ఒక్క అంగలో వెళ్ళి మీట కట్టేసింది. స్ఫటికం టప్పున రెండు ముక్కలైంది. జోగారావుగారికి ఏం చెప్పాలో ఆవిడ తరవాత ఆలోచించుకోవచ్చు.

"నాన్నా, కూచో. నీకు మొదలే వచ్చింది, చివర రాలేదు. బాబాయ్, మళ్ళీ చెప్పండి."

కోటిలింగం ఒకసారి చెప్పడమే గగనమైన మనిషి. గోడ వంక చూశాడు, వరహాలమ్మగారి వంక చూశాడు. వరహాలమ్మగారు "చెప్పండి మరి, ఆయన వినలేదు కదండీ," అన్నారు. కోటిలింగం లేచి వెళ్ళి పేర్రాజుగారి ఎదురుగా నిలబడ్డాడు.

"నీ గుక్క తెగలేదురా. నీతోపాటు నేనూ బిగబట్టాను. నాది తెగింది. ఆ చప్పుడు విని, అది నీదే అనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను. ఆ రోజు నీకు వన్స్‌మోర్ ఇవ్వాల్సింది. నేనే చెడగొట్టాను."

పేర్రాజుగారు కండువాతో మొహం తుడుచుకున్నారు. తుడుచుకుని కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుని, సింహాసనం మీది గొంతుతో అన్నారు.

"వన్స్‌మోర్."

కోటిలింగం ఆయన వంక గుర్రుగా చూశాడు. తరవాత గొంతు సవరించుకుని, మొదటి నుంచీ మళ్ళీ చెప్పాడు. ఈసారి చివర కొంచెం రాగం కూడా తీశాడు.